మా గ్రే చిలుక కర్ర మీంచి జారిపడుతోంది

ప్రశ్న: మా ఆఫ్రికన్ గ్రేకి 19 ఏళ్లు, ఆడది. నాలుగుసార్లు రెక్కలు కొడితే ఆయాసం. ధమనులు గట్టిపడి ఉండొచ్చని డాక్టరుగారన్నారు. ఇన్నేళ్లూ అడిగినప్పుడల్లా పొద్దుతిరుగుడు గింజలే పెట్టాను. తప్పు నాదేనా?

జవాబు: గింజల కొవ్వు, ఎగరకపోవడం కారణాలే. కానీ వయసు, ఆడపక్షి కావడం, జాతి కూడా లెక్కలోకొస్తాయి. అమెజాన్ చిలుకలకూ ఈ బెడద ఎక్కువే.

జవాబు: పావురాల్లో చూడండి. వైట్ కార్నో జాతికి ఉత్త ధాన్యం తిన్నా ఇది వస్తుంది, షో రేసర్‌కి అంతగా రాదు. అంతా మీ నెత్తిన వేసుకోకండి.

జవాబు: మేత ఒక్కసారిగా మార్చొద్దు, పస్తుంటుంది. పెల్లెట్లు (చిలుకల కోసం తయారుచేసిన మేత గుళికలు) కొద్దికొద్దిగా కలపండి, రోజూ తూకం చూడండి. కర్ర కిందికి దించండి.

ప్రశ్న అడిగినవారు: దించానండీ. పెల్లెట్‌ని నీళ్లగిన్నెలో పడేసి నా వైపే చూస్తోంది.