ఇద్దరూ ఫ్రీలాన్స్ రచయితలే, విడిపోతే పని పంచుకునేదెలా?

చుక్కలముగ్గు: రాతపని మీదే బతికే జంట, పెళ్లి కాలేదు, విడిపోతున్నారు. చిక్కులు నాలుగు. విడిపోవాలన్న విషయం అవతలివాళ్లకు డెడ్‌లైన్‌కి ముందు చెప్పాలా, తర్వాతా? ఒకరి గూగుల్ డ్రైవ్‌లోనే ఉన్న ఫైళ్ల సంగతేంటి? క్లయింట్ డబ్బంతా ఒకరి ఖాతాలోనే పడుతోంది. వెబ్ సిరీస్ స్క్రిప్టు ఇద్దరూ కలిసి సగం రాశారు. తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు: ముందు డ్రైవ్ చూసుకోండి. షేర్ చేసి ఉందిగా అన్న ధీమా పనికిరాదు. ఫైలు ఎవరిదో వాళ్లు డిలీట్ చేస్తే ట్రాష్‌లో 30 రోజులుంటుంది, ఆ తర్వాత ఇద్దరికీ పోయినట్టే. ఓనర్‌షిప్ మార్పించుకోండి. మామూలు జీమెయిల్ ఖాతాలైతే తీసుకునేవాళ్లు అంగీకారం నొక్కితేనే మారుతుంది. కాపీ చేసుకుంటే చాలనుకోకండి, కాపీకి పాత వెర్షన్ హిస్టరీ రాదు. ఏ సీను ఎవరు ఏ రోజు రాశారో చెప్పేది ఆ హిస్టరీయే. దాన్ని తెరిచి, పేరూ తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి.

లెక్కలపంతులు: అసలు ప్రమాదం డబ్బులో ఉంది. పేమెంట్ ఎవరి పాన్ మీద వస్తే ఆదాయం వాళ్లదే అయి పన్ను శాఖ ఇచ్చే 26ఏఎస్ పత్రంలో కనిపిస్తుంది, క్లయింట్ ముందే కోసే 10 శాతం పన్ను (టీడీఎస్) కూడా అక్కడే. రెండోవాళ్లు తమ వాటాకి మొదటివాళ్ల పేరు మీద ఇన్‌వాయిస్ ఇచ్చి బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. ఊరికే పంపించుకుంటే చిక్కే. చట్టం దృష్టిలో ప్రేమికులు 'బంధువులు' కారు. ఏడాదిలో 50,000 దాటిన కానుక మొత్తానికీ పన్ను పడుతుంది. ఇకపై ఎవరి ఇన్‌వాయిస్ వాళ్లదే. కొన్ని వృత్తులవాళ్లు ఖర్చుల లెక్కలు లేకుండా ఆదాయంలో సగాన్నే లాభంగా చూపే వీలిచ్చే సెక్షన్ ఉంది, 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ. దాని కింద రిటర్ను వేసేయండి.

అద్దెగది402: పంతులుగారూ, ఆగండి. కంటెంట్ రైటర్‌కి 44ఏడీఏ ఎక్కడుంది? ఆ జాబితాలో వకీళ్లు, డాక్టర్లు, ఇంజనీర్లు, అకౌంటెంట్లు ఉన్నారు. రచయిత అన్న మాటే లేదు.

లెక్కలపంతులు: పదిహేనేళ్లుగా రచయితల రిటర్నులు వేస్తున్నానండీ. నోటిఫై చేసిన 'ఫిల్మ్ ఆర్టిస్ట్'లో కథ, స్క్రీన్‌ప్లే, మాటలు రాసేవాళ్లు, పాటల రచయితలూ ఉన్నారు. చదివి మాట్లాడండి.

అద్దెగది402: అది సినిమాకి రాసేవాళ్లకు! సబ్బుల కంపెనీ బ్లాగు రాసేవాళ్లను అందులో ఎలా కూర్చోబెడతారు? నోటీసు వస్తే జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లు, మీరు కాదు. అనుభవం చూపించి తప్పుడు సలహా ఇవ్వొద్దు.

లెక్కలపంతులు: తప్పుడు సలహా అనే ముందు మాట జాగ్రత్త! సినిమా స్క్రిప్టు ఆదాయం గురించి నేను చెప్పింది ముమ్మాటికీ సరైనదే. బ్లాగుల ఆదాయం విడిగా పెట్టి, ఖర్చుల బిల్లులు దాచి, లెక్కల పుస్తకాలు రాసి చూపించమనండి. అంతవరకు ఒప్పుకుంటాను.

ఓరుగల్లుపిల్ల: గిదేం లొల్లి అన్నా, ఆమె అడిగింది విడిపోవుడు గురించి! పాస్‌వర్డ్ మారిస్తే సరిపోదక్కా. రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ గూడ మార్చాలె. గూగుల్ సెక్యూరిటీల 'మీ డివైజులు' తెరిచి ఆయన ల్యాప్‌టాప్‌ను సైన్ అవుట్ చెయ్యాలె. వాట్సాప్‌ల లింక్డ్ డివైజెస్ చూడు, గదే అందరు మరుస్తరు.

పాతసిరా: స్క్రిప్టు గురించి ఎవరూ చెప్పలేదు. ఎవరి భాగం ఏదో విడదీయలేనంతగా కలిసిపోయి ఉంటే అది ఉమ్మడి రచన. ఒకరు రెండోవాళ్లను అడక్కుండా నిర్మాతకు అమ్మకూడదు. కాపీరైట్ ఆఫీసులో సాహిత్య రచన నమోదుకు రుసుము 500 రూపాయలు, దరఖాస్తులో ఇద్దరి పేర్లూ వేయండి. ఒకరు తమ హక్కు రెండోవాళ్లకు రాసిస్తే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే చట్టం 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. కాగితంలో ఈ రెండు గళ్లూ ఖాళీగా వదలకండి.

గోదారిగట్టు: మరి ఉత్తరాలు? విడిపోయాక వాటిని కథలో పెట్టేసేవాళ్లున్నారు.

పాతసిరా: కాగితం అందుకున్నవాళ్లది, రాతపై హక్కు రాసినవాళ్లది. అనుమతి లేకుండా అచ్చేయకూడదు. వాట్సాప్‌లో రాసిన పొడుగాటి ప్రేమలేఖకైనా అంతే.

అద్దెగది402: కథకి పనికొస్తుందని మనిషి బాధను అమ్ముకోవడం నీచం. చట్టం ఏం చెప్పినా సరే.

ఓరుగల్లుపిల్ల: గదైతే నిజం.

చుక్కలముగ్గు: అన్నీ రాసుకున్నాను. మొదటి ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

పాతసిరా: డెడ్‌లైన్ అయ్యాక అని పెట్టుకుంటే ఎప్పటికీ చెప్పలేరమ్మా, ఒకటి అయ్యేలోపు ఇంకోటి వస్తుంది. ఉమ్మడి పని ఏదైనా వారంలో ఇవ్వాల్సి ఉంటే అది పంపించిన రోజు సాయంత్రమే చెప్పండి. అంతకన్నా దూరముంటే ఇప్పుడే. చెప్పేటప్పుడు స్క్రిప్టు ఊసెత్తకండి. ఒకే సిట్టింగ్‌లో రెండూ తేల్చాలనుకుంటే, చివరికి 'మూడో ఎపిసోడ్ ఐడియా నాది' అన్న దగ్గరే ఇద్దరూ అరుచుకుంటారు. పని పంపకం వారం ఆగి, మెయిల్లోనే. క్లయింట్‌కి ఈ రెండు వాక్యాలు చాలు: 'ఒకటో తేదీ నుంచి ఈ పని నేనొక్కదాన్నే చూస్తాను. కొత్త ఇన్‌వాయిస్, బ్యాంకు వివరాలు జతచేశాను.' కారణం రాయకండి, వాళ్లు అడగరు.

లెక్కలపంతులు: ఆ మెయిల్‌కి పాన్ కూడా జతచేయమనండి. పాన్ లేకపోతే టీడీఎస్ 20 శాతం కోస్తారు.