పప్పు, గుడ్లు ఎక్కువ తింటే ఎముకల్లోని కాల్షియం తగ్గిపోతుందా?

ప్రశ్న (హనుమకొండ):
మా అమ్మకు 61 ఏళ్లు, బరువు 50 కిలోలు. ఎముకల సాంద్రత తగ్గిందని స్కానింగులో తేలినప్పటి నుంచి రోజూ రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు పెడుతున్నాము. ప్రోటీను ఎక్కువైతే కాల్షియం మూత్రంలో పోతుందని మా మేనమామ ఎక్కడో చదివి చెప్పగా, వారం రోజులుగా అమ్మ గుడ్డు ముట్టడం లేదు. పచ్చిపులుసుతోనే అన్నం తింటున్నది. ఆ మాటలో నిజమెంత?

మొదటి జవాబు:
మీ మేనమామ గారు చదివినది తప్పు కాదు, కాని అది పాత సగమే. ప్రోటీను పెరిగితే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. మిథియోనిన్, సిస్టీన్ అనే గంధకమున్న అమైనో ఆమ్లాలు ఒంట్లో విరిగినప్పుడు ఆమ్లం పుడుతుంది కనుక, దాన్ని తటస్థం చేయడానికి ఎముకలే కాల్షియాన్ని వదులుకుంటాయని శాస్త్రజ్ఞులూ చాలాకాలం నమ్మారు. అయితే ఐసోటోపులతో, అంటే ఒంట్లో ఎటు పోయిందో గుర్తుపట్టగల కాల్షియం రూపాలతో, జాడ తీసి, 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కిలో బరువుకు 1 గ్రాము ప్రోటీను తిన్నప్పటి కంటే 2.1 గ్రాములు తిన్నప్పుడు అందులో పాల్గొన్న స్త్రీల పేగులు ఆహారంలోని కాల్షియాన్ని ఎక్కువగా గ్రహించాయనీ, మూత్రంలో కనిపించిన అదనపు కాల్షియం చాలావరకు అలా లోపలికి వచ్చినదేననీ తేలింది. వేరే అధ్యయనాల్లో ప్రోటీను కిలోకు 0.7 గ్రాములకు తగ్గించినప్పుడు మాత్రం పేగులు కాల్షియాన్ని గ్రహించడం పడిపోయి, కొద్ది రోజుల్లోనే పారాథైరాయిడ్ హార్మోను పెరిగింది. ఎముక నుంచి కాల్షియాన్ని లాగేది ఆ హార్మోనే. పచ్చిపులుసు అన్నంతో మీ అమ్మగారు చేరుకునేది ఈ రెండో స్థితికే.

రెండో జవాబు:
పై జవాబుకు ఒక షరతు ఉన్నది: గ్రహించడానికి పళ్లెంలో కాల్షియం ఉండాలి కదా. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ప్రోటీను కిలోకు 0.83 గ్రాముల లెక్కన మీ అమ్మగారికి సుమారు 42 గ్రాములు. రెండు గుడ్లలో వచ్చేది 12 గ్రాములే. వంద గ్రాముల తైదల్లో (రాగుల్లో) 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నా, గింజల్లో సహజంగా ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు దాన్ని కొంత పట్టి ఉంచుతాయి. మొలకెత్తించినా, అంబలి పులియబెట్టినా ఆ పట్టు సడలుతుంది. పాలకూరను లెక్కలో వేయకండి, అందులోని ఆక్సలేటు కాల్షియాన్ని వదలదు. సర్వపిండిలో పొట్టు తీయని నువ్వులు ధారాళంగా వేయండి. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ప్రోటీను పెంచకూడదు.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షలో మామూలుగానే ఉన్నది. అమ్మ గుడ్లకు ఒప్పుకున్నది, శనివారం తప్ప. ఆ రోజు బబ్బెర గుడాలు, పెరుగు పెడతాము.