గంజాయి మానలేకపోతున్న మేనల్లుడికి ఎలా తోడుండాలి?

అందరికీ నమస్కారం. మేము తిరుపతిలో ఉంటున్నాం. చిత్తూరు దగ్గరి పల్లెలో ఉండే మా అక్క కొడుకు, పంతొమ్మిదేళ్లవాడు, డిగ్రీ చదువు కోసం రెండేళ్లుగా మా ఇంట్లోనే ఉంటున్నాడు. మిట్టమధ్యాహ్నం కూడా గది తలుపు వేసుకుని అగరువత్తులు వెలిగిస్తుంటే మొదట నాకు అనుమానం రాలేదు. పోయిన నెల అతని చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో సిగరెట్టు చుట్టుకునే పల్చటి కాగితాలు, కళ్ల ఎరుపు తగ్గించే చుక్కల మందు సీసా కనిపించాయి. అడిగితే దాచలేదు. "అది లేకపోతే నిద్ర పట్టడం లేదు మామా" అని తల వంచుకుని చెప్పాడు.

తనంతట తానే నాలుగు రోజులు మానేశాడు గానీ, చిరాకు, చెమటలు, అన్నం సహించకపోవడం వల్ల మళ్లీ మొదలుపెట్టాడు. మానిన మొదటి వారంలో ఇవి సహజమేనని తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే ఆ రాత్రులు అతని పక్కనే కూర్చునేవాణ్ణి.

మత్తు అలవాటు మానాలనుకునేవారి కోసం 14446 హెల్ప్‌లైన్ ఉందనీ, కొద్ది పరిమాణంతో పట్టుబడినవారు స్వచ్ఛందంగా చికిత్సకు వెళితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ కింద కేసు నుంచి రక్షణ ఉందనీ చదివాను. అయినా ఆసుపత్రి చీటీ రేపు ఉద్యోగానికి అడ్డొస్తుందని వాడు భయపడుతున్నాడు. రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి పిల్లలను తీసుకెళ్లినవారు ఉంటే, అక్కడ తొలిరోజు ఏమేమి అడుగుతారో చెప్పగలరా? వాడి నమ్మకం పోగొట్టుకోకుండా మా అక్కకు ఈ సంగతి ఎప్పుడు, ఎలా చెప్పాలి?