అప్‌డేట్: ఆన్‌లైన్ కోర్సుతో పీసీ రిపేరు వస్తుందా అని అడిగింది నేనే

తిరుపతిలో ఇన్‌స్టిట్యూట్‌కి పోకుండా, ఇంట్లోనే కోర్సు చూసి హార్డ్‌వేర్ నేర్చుకోవచ్చా అని ఆమధ్య అడిగినాను కదా. కోర్సు అయిపోయింది. పని వస్తుంది, కానీ చేతికింద ఒక పాత పీసీ ఉండాల్సిందే.

లీలామహల్ దగ్గర మా మామ జిరాక్స్ అంగట్లో మూలన పడేసిన సిస్టమ్ తెచ్చుకున్నా. ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు. ర్యామ్ తీసి, బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి దులిపి, క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కితే బొమ్మ వచ్చేసింది! టైమ్ మాత్రం ఆన్ చేసినప్పుడల్లా వెనక్కి పోయేది. మదర్‌బోర్డు మీద టైమ్ నిలిపే బిళ్ల సెల్లు (సీఆర్ 2032) 3 వోల్టులు చూపాల్సింది, మల్టీమీటర్‌లో 2.4 దగ్గరే ఆగింది. మార్చేస్తే సరి.

ఎస్‌ఎంపీఎస్, అంటే పీసీలోని భాగాలకు కరెంటు ఇచ్చే పవర్ సప్లై, దాని పాఠం బాగుంది: పసుపు వైరు 12, ఎరుపు 5, నారింజ 3.3 వోల్టులు. దాని డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్ పీకినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

చిప్ లెవెల్ సోల్డరింగ్, అంటే బోర్డు మీది చిన్న చిప్పులను ఊడదీసి మళ్లీ అతికే పని, వీడియోలతో వచ్చేది కాదు. "ముందు ఏదైనా అంగట్లో చేరు" అని అప్పుడు నాకు చెప్పిన అన్న మాట అక్కడ కరెక్టే. మామ ఇప్పుడు ప్రింటర్ కూడా చూడమంటున్నాడు. అది కోర్సులో లేదు మామా అంటే వింటేగా!