అప్‌డేట్: యూసీ అడ్మిషన్, మా పాప కూచిపూడి

మేం కాలిఫోర్నియాలో ఉంటాం, పాప పదో తరగతి, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ)కి ఎస్ఏటీ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష రాయించాలా అని పోయిన నెల అడిగాను కదా. మొన్న స్కూల్ కౌన్సిలర్‌ని కలిశాం.

ఎస్ఏటీ సంగతి తేలిపోయింది. అడ్మిషన్‌కి యూసీ ఆ స్కోరు చూడనే చూడదు. కోచింగ్‌కి కట్టిన అడ్వాన్సు గోవిందా! అసలు చిక్కంతా ‘ఏ-జీ’ కోర్సుల్లో ఉంది, అంటే యూసీలో చేరాలంటే హైస్కూల్లో చేయాల్సిన, ఏ నుంచి జీ దాకా అక్షరాలతో పిలిచే ఏడు విభాగాల కోర్సులు. ఏడాది పాటు సాగే కోర్సులు మొత్తం 15 కావాలి, అందులో 11 పన్నెండో తరగతికి ముందే పూర్తవ్వాలి, దేన్లోనూ గ్రేడు సీ కంటే తగ్గకూడదు. లెక్కలు, సైన్సు, స్పానిష్ అన్నీ దారిలోనే ఉన్నాయి. ‘ఎఫ్’ విభాగం మాత్రం ఖాళీ, అంటే కళల కోర్సు.

“తొమ్మిదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది కదండీ!” అన్నాను. బయటి క్లాసు లెక్కలోకి రాదట. స్కూల్లో యూసీ ఆమోదించిన కోర్సే చేయాలి. కూచిపూడిని అప్లికేషన్‌లో యాక్టివిటీస్ కింద రాసుకోవచ్చు. వచ్చే ఏడాదికి సిరామిక్స్ తీసుకుంది. “కుండలు చేయడానికా అమెరికా వెళ్లింది?” అని మా అమ్మ ఫోన్లో ఒకటే గోల.

ఇంకోటి, యూసీ వేసే జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో, తొమ్మిదో తరగతి గ్రేడ్లు కలవవు, పది, పదకొండువే. అది విన్నాక పాప ఆ రాత్రి హాయిగా పడుకుంది.