ఈసీటీకి సక్సినైల్‌కోలిన్ వాడకూడదంటే మీరేం ఇస్తారు?

అనస్థీషియా పీజీని. ఈసీటీకి (మానసిక జబ్బులకిచ్చే కరెంటు షాక్ చికిత్స) మా దగ్గర ఎప్పుడూ సక్సినైల్‌కోలినే (కండరాల్ని కాసేపు సడలించే మందు), కిలోకి 0.5 నుంచి 1 మి.గ్రా., కనురెప్పల దగ్గర మొదలైన అదురు కాలివేళ్ళ దాకా దిగి ఆగగానే షాక్ ఇచ్చేస్తాం, కాసేపటికే ఊపిరి వచ్చేస్తుంది, మర్నాడు ఒళ్ళు నొప్పులంటారు అంతే.

ఇప్పుడొచ్చిన పేషెంటు ఆర్యవైశ్యులు, వాళ్ళన్నయ్యని ఏదో చిన్న ఆపరేషన్ తర్వాత సొంతంగా ఊపిరి రాక గంటలకొద్దీ వెంటిలేటర్ మీద ఉంచారట. ఆర్యవైశ్యుల్లో ఎక్కువగా కనిపించే సూడోకోలినెస్టరేజ్ (సక్సినైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైము) లోపమేమోనని నా అనుమానం, రిపోర్టు ఇంకా రాలేదు.

మైవాక్యూరియం అనే ఇంకో సడలింపు మందు కూడా అదే ఎంజైముతో విరుగుతుంది కాబట్టి దండగ. రోక్యూరోనియం ఇచ్చి సుగమ్మడెక్స్‌తో ఆ సడలింపుని రివర్స్ చేయడమా (ప్రతి సిట్టింగ్‌కీ ఆ ఖరీదు ఇంట్లోవాళ్ళు ఎక్కడ భరిస్తారు!), లేక అట్రాక్యూరియం ఇచ్చి అరగంట మాస్క్ పట్టుకుని కూర్చుని నియోస్టిగ్మిన్‌తో రివర్స్ చేయడమా? చేసినవాళ్ళు డోసు, టైమింగ్ చెప్పండి సార్. షాక్‌కి ముందు టీఓఎఫ్ (నరానికి వరసగా నాలుగు చిన్న కరెంటు పోట్లిచ్చి కండరం ఎన్నిటికి కదులుతుందో చూసే లెక్క) ఎంతకి పడేదాకా ఆగుతారు?