రంగు తేడా సరిపోతుందా, డీఎన్‌ఏ కూడా కావాలా? కొత్త రీఫ్ చేపల గొడవ

కోరంగి కుర్రోడు: మాల్దీవుల్లో రీఫ్ మీద, అంటే పగడపు దిబ్బల్లో తిరిగే రాస్ అనే రకంలో ఒక గులాబీరంగు చేపని 2022లో కొత్త జాతి అని తేల్చి సిర్రిలాబ్రస్ ఫినిఫెన్మా అని పేరు పెట్టారు. అది 1990ల నించీ తెలిసిన చేపే, కాకపోతే చాగోస్ దీవుల్లో దొరికిన రుబ్రిస్క్వామిస్ అనే చేపతో కలిపేసి లెక్కేశారు, ఎందుకంటే ఆ చాగోస్ చేపకి పేరు పెట్టింది ఒకే ఒక్క పిల్ల చేపని చూసి. పెద్ద మగచేపల రంగు, పొలుసుల లెక్క, వీపు రెక్క ముళ్ల ఎత్తు, డీఎన్‌ఏ అన్నీ పక్కపక్కన పెట్టాక గానీ విషయం తేలలేదు. నా మటుకు డీఎన్‌ఏ లేకుండా మచ్చలు చూసి కొత్త జాతి అంటే ఒప్పుకోకూడదు. మీరేమంటారు?

అమలాపురం ఆక్వేరియం: ఒప్పుకోనండి. కరీబియన్‌లో హామ్లెట్ చేపలున్నాయి, నీలం, నలుపు, చారలది ఇలా బోల్డు రకాలు ఒకే రీఫ్ మీద తిరుగుతాయి, పొద్దుగూకే వేళ గుడ్లకొచ్చేసరికి దాదాపు ప్రతీదీ తన రంగు దాంతోనే జతకడుతుంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ (తల్లి నించే వచ్చేది) చూస్తే మాత్రం అన్నీ కలగాపులగం. జీనోమ్, అంటే డీఎన్‌ఏ మొత్తం చదివినా గట్టి తేడా కనపడింది కొద్ది చోట్లే, అందులోనూ రంగుకీ చూపుకీ సంబంధించిన జీన్లే ముఖ్యం. చేపలే గుర్తుపట్టుకుంటుంటే మీ మెషీన్‌దేంటి మధ్యలో?

కోరంగి కుర్రోడు: మరి ఎంపరర్ ఏంజెల్ చేప సంగతో? పిల్లప్పుడు ముదురు నీలం మీద తెల్ల సున్నాలు, పెద్దయ్యాక పసుపు చారలు. పిల్లని వేరే జాతనుకుని వేరే పేరు పెట్టేశారు పూర్వం. చిలక చేపల్లో ఆడదానికీ మగదానికీ విడివిడిగా పేర్లు పెట్టిన ఘనులున్నారు.

అమలాపురం ఆక్వేరియం: అది ఓపిక లేక. నా ట్యాంకులో పెంచా దాన్ని, తెల్ల సున్నాలు పూర్తిగా చెరక్కుండానే కిందనించి పసుపు గీతలు తేల్తాయి, కొన్నాళ్లు రెండూ ఒంటిమీదే ఉంటాయి. పెంచి చూసినోడికి డీఎన్‌ఏ ఎందుకు?

అంతర్వేది చెరువులు: ఎందుకో నేను చెప్తా. మండపీత అంతా సిల్లా సెరాటాయే అనుకున్నారు, 1998లో ఒంటి గుర్తులూ జన్యువులూ కలిపి చూసి నాలుగు జాతులన్నారు. పెద్ద సైజుకొచ్చే సెరాటాకి కాళ్లన్నిటిమీదా గళ్లుంటాయి, డెక్కకి వెనక కణుపు బయటివైపు రెండు గట్టి ముళ్లు. ఎర్రగా ఉండే ఒలివేసియాకి ఆ ముళ్లు అరిగిపోయినట్టుంటాయి, సైజూ అంత రాదు. వేలిగోరంత పిల్లల్లో ఇవేం తెలీవు, ఒకాయన పెద్దరకం సీడని అంటగడితే చెరువంతా చిన్నరకం తేలింది, మేత ఖర్చు కూడా రాలేదు. పెద్దదానికి కళ్లు చాలు, పిల్లకి ల్యాబే దిక్కు.

భైరవపాలెం బోటు: ఆయ్, మరి పులస? సముద్రంలో విలసకి ఉన్న రేటెంత, గోదారెక్కాక ఎంత? రెండూ ఒకటంటే మా ఆవిడే నమ్మదు 😀

కోరంగి కుర్రోడు: ఒకటే జాతి బాబాయ్, వరదనీటికి ఎదురీదాక రుచి మారుతుంది గానీ జాతి మారదు.

రిటైర్డ్ జువాలజీ: కుర్రోడా, నువ్వు డీఎన్‌ఏ అంటున్నది బార్‌కోడేనా? అది జాతి గుర్తుపట్టడానికి చదివే 650 అక్షరాల మైటోకాండ్రియా ముక్క, పైగా తల్లి వైపు నించే వస్తుంది. ఎప్పుడో రెండు జాతులు కలిస్తే అమ్మ ముక్క అవతలి జాతిలోకి పోయి అక్కడే ఉండిపోతుంది. పసుపురంగు లెమన్‌పీల్ ఏంజెల్ చేపనీ, వెనక సగం నల్లగా ఉండే పెర్ల్‌స్కేల్‌నీ ఆ ముక్కతో చూస్తే రంగు ప్రకారం కాకుండా ఏ సముద్రంలో దొరికాయో దాన్ని బట్టి గుంపులు కట్టాయి. రెండు శాతం తేడా వస్తే కొత్త జాతి అనడం ఎవరి సౌకర్యం కోసమో పెట్టుకున్న గీత. న్యూక్లియర్ జీన్లు, అంటే అమ్మానాన్నా ఇద్దరి నించీ వచ్చేవి చూడాలి, జతకట్టడం చూడాలి. మనం చూసే మచ్చలే మచ్చలు కాదు కూడా, ఆంబాన్ డామ్సెల్ అనే రీఫ్ చేప మొహం మీద అల్ట్రావయొలెట్ గీతలుంటాయి, వాటితోనే తన జాతిని పోల్చుకుంటుంది, మనకి కనపడవు. ఇంకోటి, మన కానాగంత చేపకి 1816లో శాస్త్రీయ నామం పెట్టింది విశాఖపట్నంలో గీయించిన బొమ్మ చూసి, చేపని చూసి కాదు. ఆ పేరు ఇప్పటికీ నిలబడే ఉంది.

కోరంగి కుర్రోడు: కానాగంత కథ తెలీదు సార్, బాగుంది. కానీ బొమ్మ ఒక్కటీ నిలబడిందని ఇవాళ కూడా బొమ్మే చాలంటే ఎలా?

భైరవపాలెం బోటు: అవన్నీ సరేనండి, వలలో తెలీని చేప పడితే ఏం చెయ్యమంటారు?

రిటైర్డ్ జువాలజీ: ఐస్‌లో వెయ్యకముందే, రంగు ఉండగానే రెక్కలు విప్పదీసి ఫోటో తియ్. తర్వాత చిన్న రెక్కముక్క కోసి చిక్కటి స్పిరిట్‌లో వెయ్, ఆ తర్వాతే చేపని ఫార్మలిన్‌లో పెట్టాలి. ముందే ఫార్మలిన్‌లో వేశావా, డీఎన్‌ఏ పాడైపోతుంది, రంగూ పోతుంది, అప్పుడు ఈ ఇద్దరికీ కొట్టుకోడానిక్కూడా ఏం మిగలదు.

భైరవపాలెం బోటు: ఫోటో తీస్తాం. స్పిరిట్ మాత్రం మీరే పంపండి, మా బోటులో తెల్లారేదాకా ఉంటుందని గ్యారంటీ లేదు.